ఒక్కరోజు కిరికిరి వద్దు

ప్రేమల నా మొదటి వేలం చెడగొట్టిన రోజు నేను ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా వేసుకుని ఉన్నాను. ఆ చొక్కా ఇప్పటికీ ఉంది. వేసుకోను.

జనవరి నెల, బీదర్ గంజ్‌లో కందుల సీజన్. మాది అడ్తి దుకాణం. రైతు తెచ్చిన పంటను కుప్పపోయించి, కొనేవాళ్ళను పిలిచి, వేలంపాట పాడించి అమ్మిపెట్టడం మా పని. మా నాన్న వామన్‌రావు ఆ రోజు మొట్టమొదటిసారి పాట నా చేతికి వదిలి, తాను గద్దె మీద కూర్చుని చూస్తున్నాడు. నేను రెచ్చిపోయాను. ఒకరి మీద ఒకరిని ఎగదోస్తున్నాను, మధ్యమధ్యలో జోకులు వేస్తున్నాను, రేటు పైకి పోతోంది, అందరూ నవ్వుతున్నారు.

అప్పుడు కుప్ప పక్కన చతికిలబడ్డ ఒక అమ్మాయి మోచేతి దాకా చెయ్యి కందుల్లోకి దూర్చి, అడుగు నుంచి పిడికెడు తీసి, ఒక గింజ పంటి కింద పెట్టి కొరికింది.

"అడుగున తడి ఉంది," అంది.

నవ్వులు ఆగిపోయాయి. పాట ఆగిపోయింది. ఎండిన గింజ పంటి కింద టక్కుమంటుంది, తడిది మెత్తగా నలుగుతుంది. గంజ్‌లో ఇది అందరికీ తెలుసు. కాకపోతే పాట జోరులో ఎవరూ అడుగుదాకా చెయ్యి పెట్టరు.

"ఎవరు నువ్వు?" అన్నాను.

"శాంపిల్ చూసేదాన్ని. మీ నాయిననే పెట్టిండు, మొన్న సోమవారం."

"తడి చూసే మిషన్ పెట్టకుండ నోటితోని చెప్తవా?"

"మిషన్ కూడ గదే చెప్తది. పెట్టి చూడుండ్రి."

మిషన్ కూడా అదే చెప్పింది. రేటు కింద పడింది. కొనేవాళ్ళు పక్క దుకాణానికి నడిచారు. నాన్న మాత్రం తల ఊపుతూ, "మంచి పిల్ల దొరికింది," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"మజా అంత కిర్కిరా చేసినవ్ గద," అన్నాను దగ్గరికి పోయి. "నీ పేరేంది?"

"ప్రేమల."

"కాదు. ఇయ్యాల్టి సంది నీ పేరు కిరికిరి."

ఆమె చేతికంటిన దుమ్ము చున్నీకి తుడుచుకుంది. కోపం వచ్చినట్టు లేదు. "కిరికిరి అంటే ఏందో ఎరుకేనా మీకు?"

"చేసేటోళ్ళకు ఎరుకుంటే చాలు."

"అన్నంల ఇసుక పడితే పంటి కింద వచ్చే సప్పుడు. ఇసుక నేను పొయ్యలే. ఉన్నదని చెప్పిన. గంతే."

నేను నా చొక్కా సర్దుకున్నాను. దాని మీద కూడా ఆమె ఒక మాట అంది. "ఎన్క సున్నం అంటింది, చూసుకోండ్రి."

*

పేరు గంజ్ మొత్తం పాకింది. వారం తిరక్కుండా హమాలీలు సంచి దించుతూ, "కిరికిరక్కా, జర గిది చూడు," అని పిలవడం మొదలుపెట్టారు. ఆమె పలికేది కూడా.

బీదర్‌లో ఈ మాట లేకుండా పూట గడవదు. పెండ్లిలో అలిగిన బావది కిరికిరి. ఫైలు కదలనివ్వని ఆఫీసరుది కిరికిరి. క్రికెట్ మధ్యలో పడ్డ వాన కిరికిరి. నలుగురూ సంతోషంగా ఉన్న చోట అడ్డం పడేది ఏదైనా కిరికిరే. మా దుకాణంలో మాత్రం ఆ మాటకు రెండు కళ్ళు, ఒక జడ ఉండేవి.

ఏం చేసేదని అడగండి. హెల్మెట్ లేకుండా బండి తీస్తే తాళంచెవి లాక్కునేది. బజ్జీలబండి దగ్గర నూనె రంగు చూసి అందరినీ లేపుకొచ్చేది. నౌబాద్‌లో నేల కిందున్న పాత నీళ్ళ సురంగం చూద్దామని దోస్తులతో పోతే, "పైన వాన పడుతుంటే కిందికి దిగుతరా?" అని మెట్లకు అడ్డంగా కూర్చుంది. వాన రెండు చుక్కలు పడి ఆగిపోయింది. సురంగం ఎక్కడికీ పోలేదు. మేమే ఇంటికి పోయాం.

ఇంకొకటి. నిల్వ సరుకుకు పురుగు పట్టకుండా గంజ్‌లో మందు గోలీలు పెడతారు. సంచుల మధ్య గోలీలు పెట్టి, మీద తాడిపత్రి కప్పి, గది మూసేసి, గొళ్ళేనికి ఎర్రగుడ్డ కడతారు. గుడ్డ ఉన్నన్ని రోజులు ఆ తలుపు ఎవరూ తియ్యరు. లోపల ఎల్లిపాయ వాసన కొట్టే విషపు గ్యాస్ ఉంటుందని అందరికీ తెలుసు. తలుపు బయట కూర్చుని హమాలీలు బీడీలు తాగేవాళ్ళు, సద్ది తినేవాళ్ళు, ఏమీ అయ్యేది కాదు. ప్రేమల మాత్రం వాళ్ళను లేపేది.

"లోపట గదా మందు, మేము బయటున్నం," అనేవాడు మా పెద్ద హమాలీ పీరప్ప.

"తలుపుకు కింద సందు లేదా, పీరప్ప మామా? గ్యాస్‌కు ఎర్రగుడ్డ కనవడ్తదా?"

పీరప్ప తిట్టుకుంటూ లేచేవాడు. ఒక్క విషయం నిజం చెప్పాలి. ఆమె చెప్పినవన్నీ జరగలేదు. పదింటిలో ఏడెనిమిది ఏమీ కాలేదు. అందుకే ఆమెను ఏడిపించడం తేలిక.

ఆమెను రోజూ పొద్దున దించి సాయంత్రం తీసుకుపోయేది వాళ్ళన్న రాజేశ్. ఊరు మన్నళ్ళి. నాన్న చంద్రప్పది వ్యవసాయం. రాజేశ్ నౌబాద్‌లో పైపులు చేసే చిన్న ఫ్యాక్టరీలో పని చేసేవాడు. పేరు పెట్టిన మూడో రోజుకే నా భుజం మీద చెయ్యేశాడు.

"కిరికిరి అని పెట్టినవట గద పేరు. మస్తుగుంది. ఇంట్ల మా అమ్మ పానకంల పుడక అంటది. ఇగ మేము గూడ నీదే వాడుకుంటం."

"నీ చెల్లెకు కోపం రాదా?"

"దానికి కోపం రాదు వికాస్. భయం వస్తది. నాకు చిన్నప్పుడు పాము కరిసింది. గడ్డివాముల చెయ్యి పెట్టకన్నా అని అది చెప్పింది, ఐదేండ్ల పిల్ల. నేను పెట్టిన. గప్పటి సంది గట్లనే." అని పెద్దగా నవ్వాడు. దేనికైనా నవ్వేవాడు వాడు. మణికట్టు మీద మచ్చ కూడా చూపించాడు.

*

ఏడిపిస్తూ ఏడిపిస్తూ ఎప్పుడు మనసు పడ్డానో తెలియదు. మే నెలాఖరు వానలో మాత్రం ఆ సంగతి నాకు తెలిసిపోయింది. గంజ్ గేటు దగ్గర చాయ్ హోటల్ రేకుల కింద ఇద్దరమే ఇరుక్కున్నాం. రాజేశ్ రావడం ఆలస్యమైంది. రేకుల మీద వాన మోత. ఆమె జడ చివర నీళ్ళు కారుతున్నాయి. నేను అటు చూడకూడదని తొమ్మిదిసార్లు అనుకుని పదోసారి చూశాను.

"ఏంది?" అంది.

"ఏం లేదు. కిరికిరి లేకుంటే దుకాణంల పొద్దు పోదని సమజైతాంది."

"దుకాణంలనేనా?"

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. "అంతట."

ఆమె జడ చివర నీళ్ళు పిండుకుంది. "మీరు సావుకార్లు. మేము మన్నళ్ళిల రెండెకరాలోళ్ళం. మీ నాయిన ఒప్పుకుంటడా? మా అమ్మ ఒప్పుకుంటదా? రేపు మీరు మాట మారిస్తే నేను గంజ్‌ల తలెత్తుకొని..."

"చూసినవా? ప్రేమ అని ఇంక అననేలేదు, అప్పుడే కిరికిరి."

ఆమె నవ్వింది. చున్నీ అడ్డం పెట్టుకోకుండా, పళ్ళు కనిపించేలా నవ్వింది. ఆ రోజు నుంచి నన్ను 'మీరు' అనడం మానేసింది.

రాజేశ్‌కు నెలలో తెలిసిపోయింది. వాడు నా వీపు మీద ఒకటి చరిచి, "జర ఓపిక పట్టు. మా అమ్మకు నేను చెప్త," అన్నాడు. చెప్పడానికి వాడికి వీలు పడలేదు.

*

నా పుట్టినరోజు ఆషాఢ అమావాస్య నాడు పడింది. అమావాస్యకు గంజ్ బంద్. ముందురోజు సాయంత్రం రాజేశ్ బండి మీద కూర్చుని ఉన్నాడు, ప్రేమల ఎక్కబోతోంది.

"రేపు నాకేం గిఫ్ట్ ఇస్తవ్?" అన్నాను.

"ఏం కావాలె?"

"ఒక్కరోజు. పొద్దున్నుంచి సాయంత్రం దాక ఒక్క కిరికిరి చెయ్యొద్దు. వద్దు, ఆగు, చూసుకో, ఈ మాటలు నీ నోట్లకెళ్ళి రావొద్దు."

"గదేం గిఫ్ట్?"

"నాకు గదే కావాలె. ఒట్టెయ్యి."

"ఒట్లు గిట్లు నేను నమ్మ."

"నమ్మకుంటే మరి వెయ్యడానికేంది?" నేను ఆమె చెయ్యి పట్టుకుని రాజేశ్ తల మీద పెట్టాను. వాడు దేవుడి ముందు వంగినట్టు తల వంచి ఇచ్చాడు, పళ్ళికిలిస్తూ. "చెప్పు. అన్న తల మీద ఒట్టు."

ఆమె చెయ్యి తియ్యబోయింది. నేను వదల్లేదు.

"అన్న తల మీద ఒట్టు," అంది చివరికి. "ఒక్కరోజే."

తల మీద ఒట్టు వేసి తప్పితే ఆ తల ఉన్న మనిషికి కీడు జరుగుతుందంటారు. ఆమె నమ్మనన్నది నిజమే. కానీ అన్న తల కదా.

మర్నాడు మంజీర ఒడ్డుకు పోదామనుకున్నాం. పొద్దున్నుంచి వాన విడవలేదు. దాంతో మా దుకాణం ముందుగదిలోనే చేసుకుందామన్నాను. ప్రేమల, రాజేశ్, నేను, గంజ్ దోస్తులు ముగ్గురు. ముందుగదికి వెనక గోదాము. మధ్యలో చెక్క తలుపు. దాని గొళ్ళేనికి రెండ్రోజుల కిందట నాన్న కట్టిన ఎర్రగుడ్డ ఉంది. ఆ గుడ్డ పక్కనే మేము గాలిబుగ్గలు కట్టాం, ఎర్రవి, పసుపువి.

జల్లు కేకు మీద పడుతోందని షట్టర్ కిందికి దించేశాం. పాటలు పెట్టాం. బిర్యానీ తిన్నాం. రాజేశ్ ముందురోజు రాత్రి డ్యూటీ చేసి తిన్నగా వచ్చాడు. అయినా అందరికంటే ఎక్కువ గంతులు వేశాడు.

మధ్యాహ్నం రెండు దాటాక ప్రేమల ముక్కు చిట్లించింది. లేచి, షట్టర్ జానెడు ఎత్తింది. ఎవరో, "జల్లు కొడ్తాంది, వదినా," అని మళ్ళీ దించారు. ఆమె నా వైపు తిరిగింది.

"వికాస్, ఎల్లిపాయ కుళ్ళిన వాసన..."

నేను పెదవుల మీద వేలు పెట్టుకున్నాను. ఇంకో చేత్తో రాజేశ్ తల చూపించాను. వాడు రెండు చేతులతో తన తల పట్టుకుని, "చెల్లే, నా తల పైలం," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వడానికి చూసింది. ఆ తలుపు దిక్కు ఒకసారి, నా దిక్కు ఒకసారి చూసి, నోరు మూసుకుంది.

మూడింటికి తల నొస్తోందని దోస్తులు ఒక్కొక్కరే ఇంటికి పోయారు. ఉక్కపోత అనుకున్నాం. రాజేశ్ ఆ తలుపు పక్కనే ఖాళీ సంచులు పరుచుకుని పడుకున్నాడు.

"చాయ్ తాగొద్దాం పా," అన్నాను ప్రేమలతో.

"అన్నను లేపుదాం."

"రాత్రంత డ్యూటీ చేసిండు, పండనీ."

"గది కాదు వికాస్..."

"కిరికిరి," అన్నాను.

షట్టర్ దించి పోయాం. అదే చాయ్ హోటల్, అవే రేకులు. గంటకు పైగా కూర్చున్నాం. నేను ఏమన్నా ఆమె సరే అంది. దీపావళికి మా ఇంట్లో చెప్తానంటే సరే. ఆమె చెయ్యి పట్టుకుంటే సరే. నా బతుకులో అంత సంతోషంగా ఉన్న గంట ఇంకొకటి లేదు. ఆ మాట రాయడానికి సిగ్గేస్తోంది, కానీ నిజం అదే.

తిరిగొచ్చి షట్టర్ ఎత్తేసరికి రాజేశ్ బోర్లా పడి ఉన్నాడు. సంచుల మీద వాంతి. ఒళ్ళు చల్లగా ఉంది. ఆసుపత్రిలో ఏవేవో పెట్టారు. మర్నాడు పొద్దున పదింటికి పోయాడు.

*

ఠాణాలో అందరినీ ఒకటే అడిగారు. వాసన వచ్చిందా?

నా పక్కన నాన్న నిలబడి ఉన్నాడు. లోపలికి పోయేముందు ఒకే మాట అన్నాడు. "పోయినోడు తిరిగి రాడు. ఉన్నోళ్ళను చూసుకో." నేను, "ఎవరికీ రాలేదు," అన్నాను. దోస్తులు కూడా అదే అన్నారు. వాళ్ళకు నిజంగానే తెలియలేదేమో.

ప్రేమలను అడిగితే, "వచ్చింది," అంది.

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆమె చూపించిన చోట సంతకం పెట్టింది. ఒట్టు సంగతి చెప్పలేదు. నా పేరు చెప్పలేదు. కాగితం మీద అది ప్రమాదం అయింది. ఊరి నోట్లో మాత్రం వేరేగా అయింది. అందరికీ అడ్డం పడే పిల్ల, సొంత అన్న దగ్గర ఎందుకు నోరు మూసుకుంది? ఆ ప్రశ్న గంజ్‌లో తిరిగింది, మన్నళ్ళిలో తిరిగింది, చివరికి వాళ్ళమ్మ సుందరాబాయి చెవిలో పడి అక్కడే ఉండిపోయింది.

ప్రేమల మళ్ళీ దుకాణానికి రాలేదు. గంజ్‌లో కిరికిరి అనే మాట కూడా ఎవరూ అనడం లేదు. ఎర్రగుడ్డ కట్టిన తలుపుకు వంద అడుగుల దూరంలో కూర్చుని సద్ది తింటున్నారు.

"ఆ తల్లి పిల్ల చేతి నీళ్ళు గూడ ముడతలేదట," అన్నాడు పీరప్ప ఒకరోజు. "ఒక్క ఇంట్లనే ఉంటరు. మాట్లాడుకోరు."

నేను ఆమెను ఒక్కసారే చూశాను, చలికాలంలో, బస్టాండులో. చిక్కిపోయింది. కండక్టర్ వేరే ఊరి టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఆమె చూసి కూడా ఏమీ అనకుండా మడిచి పిడికిట్లో పెట్టుకుంది. నేనే అడ్డం పోయి మార్పించాను.

"ఒట్టు సంగతి ఎందుకు చెప్పలే?" అన్నాను.

"నోరు నాది. మూసుకున్నది నేను."

"మూయించింది నేను గద."

"సరే," అంది. బస్సెక్కి పోయింది.

ఆ 'సరే' నా వెంట పడింది. ఆమె నోట్లో ఆ మాట అంత చప్పగా ఉంటుందని నాకు తెలియదు. నేను కోరుకున్న గిఫ్టు అదే మరి. ఒక్కరోజు అడిగాను, ఆమె ఏడాది ఇచ్చింది.

జూన్‌లో పీరప్ప ఇంకో కబురు తెచ్చాడు. చింతకి అనే ఊరి నుంచి సంబంధం వచ్చింది. నలభై రెండేండ్ల మనిషి, మొదటి భార్య పోయింది, ఇద్దరు పిల్లలు. మనిషి ఎట్లాంటివాడో చూడకుండానే తల్లి ఒప్పుకుందట.

"ప్రేమల ఏమన్నది?"

"ఏమంటది? సరే అన్నదట."

ఆ పిల్లకు మిగిలింది ఒకటే ఇల్లు. అందులో ఆమె హంతకురాలి కింద లెక్క. అది నిజం కాదని చెప్పగలిగింది నేనొక్కడినే. చెప్తే మన్నళ్ళి గడప నాకు ఎప్పటికీ ఉండదు. చెప్పకపోతే ఆమె చింతకి పోతుంది, తలవంచుకుని, జీవితాంతం సరే అంటూ.

నిజం చెప్పేస్తానని నాన్నకు చెప్పాను. ఆయన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఏడాది అయ్యింది. అంత సల్లగైంది. ఇప్పుడెందుకురా ఈ కిరికిరి?"

"కందుల అడుగున తడి ఉంటే, మీద ఎండినవి చూపించి అమ్ముతమా నాన్నా?"

ఆయన కళ్ళు తెరవలేదు. ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు.

*

ఆషాఢ అమావాస్య మళ్ళీ వచ్చింది. రాజేశ్ సంవత్సరీకం. పొద్దున్నే ఠాణాకు పోయి, పాత మాట అబద్ధమని చెప్పి, కొత్తగా రాయించి సంతకం పెట్టాను. అక్కడి నుంచి తిన్నగా మన్నళ్ళి పోయాను.

వాకిట్లో పందిరి. నలభై మంది దాకా ఉన్నారు, చింతకి నుంచి సంబంధం వాళ్ళు కూడా. గోడకు రాజేశ్ ఫోటో, బంతిపూల దండ. ఫోటోలో కూడా నవ్వుతున్నాడు. విస్తళ్ళు వేశారు, వడ్డన మొదలైంది. ప్రేమల బిందె, చెంబు పట్టుకుని వరసగా నీళ్ళు పోస్తోంది. ఫోటో కింద కూర్చున్న తల్లి దగ్గరికి వచ్చేసరికి ఆగకుండా దాటిపోయింది. అలవాటైనట్టు దాటిపోయింది.

"రా బిడ్డా, కూసో," అన్నాడు చంద్రప్ప. ఆయనకు నా మీద కోపం లేదు. ఎందుకుంటుంది, ఆయనకు తెలిసింది వేరే కథ.

"తినడానికి రాలేదు మామా. ఒక మాట చెప్పాలె. అందరి ముంగట."

"తిన్నంక చెప్పు," అంది ఒక ముసలామె, రాజేశ్ మేనత్త హన్మమ్మ. "విస్తర్ల ముంగట ఏం మాటలు? ఇయ్యాల గూడ కిరికిరేనా?"

"ఇయ్యాలనే," అన్నాను.

సుందరాబాయి ముందుకు పోయి నిలబడ్డాను.

"ఆ రోజు ప్రేమలకు వాసన వచ్చిందమ్మా. చెప్పబోయింది. రెండుసార్లు. రెండుసార్లు నేనే ఆపిన. ముందురోజు ఆమెతోని ఒట్టు ఏయించిన, రాజేశ్ తల మీద. ఒక్కరోజు ఎవ్వరికి అడ్డం చెప్పనని. అన్నను లేపుదామంటే నేనే వద్దన్న. ఠాణాల అబద్ధం చెప్పిన. ఇయ్యాల పొద్దున నిజం రాయించి వచ్చిన."

ఎవరో చేతిలో ముద్ద విస్తట్లో వదిలేశారు. చంద్రప్ప స్తంభం పట్టుకున్నాడు. ప్రేమల బిందె కింద పెట్టింది.

సుందరాబాయి నన్ను తిట్టలేదు. ఒకటి అడిగింది.

"ఒట్టు ఏసేటప్పుడు వాడు నవ్విండా?"

"నవ్విండమ్మా. తల వంచి ఇచ్చిండు."

"గట్లనే చేస్తడు," అంది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడాదికి సరిపడా ఏడుపు ఒక్కసారే వచ్చింది. ఎవరూ దగ్గరికి పోలేదు. నేనూ ఏడ్చాను.

తర్వాత ఆమె లేచి, విస్తళ్ళ మధ్య నుంచి నడిచి, కూతురు దగ్గరికి పోయింది.

"ఏడాది సంది నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నా తప్పు పోతదా అమ్మా?"

సుందరాబాయి ప్రేమల కుడిచెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. "ఎయ్యి ఒట్టు. నా తల మీద. ఎవ్వరు నవ్వినా, ఎవ్వరు నోరు మూయించినా, నీ నోట్లకెళ్ళి వచ్చే మాట ఆపనని ఒట్టెయ్యి."

పందిట్లో అందరి కళ్ళలో నీళ్ళు. హన్మమ్మ ముక్కు చీదింది. అందరూ ఆ ఒట్టు కోసం చూస్తున్నారు.

ప్రేమల మెల్లగా చెయ్యి తీసేసుకుంది.

"ఎయ్య," అంది.

"బిడ్డా..."

"ఒట్టు ఎయ్యనమ్మా. ఇంక ఎవ్వరి తల మీద చెయ్యి పెట్ట. ఒట్టు లేకుండనే చెప్త." పందిట్లో కుడివైపు కూర్చున్న చింతకి వాళ్ళ వైపు తిరిగింది. "మీరు ఏమనుకోవద్దు. ఈ సంబంధం నాకొద్దు. అడిగిన్నాడే చెప్పాల్సింది. చెప్పలే."

"ఇయ్యాలనేనా పిల్లా," అని హన్మమ్మ తల కొట్టుకుంది.

"చెప్పనీ," అంది సుందరాబాయి. ఫోటో కిందికి పోయి కూర్చుని, దోసిలి పట్టింది. "నీళ్ళు పొయ్యి."

ప్రేమల చెంబు వంచింది. సగం నీళ్ళు నేల మీద పడ్డాయి. తల్లి మిగతావి తాగింది. మూతి తుడుచుకుని నా వైపు చూసింది.

"నువ్వు పో. ఈ ఇంట్ల నీకు విస్తరి లేదు. ఎన్నడన్న ఉంటదో లేదో నాకు ఎరుక లేదు. ఇప్పుడైతే నిన్ను చూడలేను."

తల వంచి దండం పెట్టి బయటికి వచ్చాను.

*

వాన మొదలైంది. బండి స్టార్ట్ చేయబోతుంటే వెనక నుంచి గొంతు.

"హెల్మెట్ ఏది?"

వాకిలి దగ్గర ప్రేమల. తల మీద కొంగు లేదు, తడుస్తోంది.

"మర్చిపోయిన."

"ఎన్కటైరు అరిగింది. వానల జారుతది. ఇప్పుడు పోవద్దు."

"మీ అమ్మ పొమ్మంది."

"ఇంట్లకెళ్ళి పొమ్మంది. ఊర్లకెళ్ళి కాదు. గా బస్సు షెడ్డుల కూసో. వాన తగ్గినంక పో."

"ప్రేమలా, ఎన్నడన్న నన్ను..."

"అడగకు," అంది. "ఇప్పుడు అడిగితే లేదనే చెప్త."

"తర్వాత అడిగితే?"

"తర్వాత ఏమంటనో తర్వాత చూస్త. నిజమైతే చెప్త. గంతవరకే."

షెడ్డు వాళ్ళింటికి ఎదురుగానే ఉంది. పోయి కూర్చున్నాను. ఆమె లోపలికి పోలేదు. చూరు కిందికి జరిగి నిలబడింది, చేతులు కట్టుకుని. మా మధ్య రోడ్డు, రోడ్డు నిండా ఎర్రనీళ్ళు.

వాన సన్నబడింది. ఇక చాలనుకుని లేచి బండి దగ్గరికి నడిచాను. తాళం పెట్టి తల ఎత్తి చూశాను. ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది, వాన ఇంకా ఆగలేదు, పోవద్దని.

నేను పోయి మళ్ళీ కూర్చున్నాను.